టింగురాజు

మునిరామయ్య కుంటివాడని కూతురు కోమలికి ఏడేళ్ళు వచ్చేదాకా తెలియదు. రాజులందరూ అట్లాగే నడుస్తారనుకునేది. ఆ పిల్ల చూసిన రాజు ఒక్కడే మరి. కార్వేటినగరం దగ్గరి వాళ్ళ పల్లెలో ఏటా ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి ముందర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. ఆ పొద్దు కిరీటం పెట్టి, భుజకీర్తులు కట్టి, గద భుజాన వేసుకుని వచ్చే రారాజు వాళ్ళ నాయనే. మిగతా ఏడాదంతా ఎవరో ఆసామి మామిడితోటకు కాపలా.

బడిలో ఒక పిల్లోడు "మీ నాయన కుంటోడు" అన్నాడు. కోమలి వాడి చెయ్యి కొరికేసి, ఇంటికొచ్చి తల్లిని అడిగింది. ఆదిలక్ష్మమ్మకు మాటలు తిప్పి చెప్పడం చేతకాదు.

"అవునే, కుంటోడే. తపసుమాను మీద నించి జారినాడు. నువ్వప్పుడు నా కడుపులో ఉండావు" అనేసింది.

వయసులో ఉన్నప్పుడు మునిరామయ్యది అర్జునుడి వేషం. అర్జునుడు తపస్సుకు పోయే రోజున పొడుగాటి మాను ఒకటి పాతి, దానికి మెట్లు కొడతారు. అర్జునుడు పద్యాలు పాడుకుంటూ పైదాకా ఎక్కి, అక్కడినుంచి నిమ్మకాయలు, విభూది పొట్లాలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిచీరలతో కింద సాగిలపడి ఉంటారు. ఆ ఏడు దిగేటప్పుడు, ఇంకో పది మెట్లుండగా, కాలు జారింది. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చారు. నలభై రోజులు కదలొద్దని మరీమరీ చెప్పి పంపారు. ఈయన ఉంటే కదా! పక్కూరి భారతంలో అర్జునుడికి మనిషి దొరకలేదని కబురొస్తే, ఇరవయ్యో రోజుకే కట్టు కోసేసుకుని పోయాడు. ఎవర్ననాలి? చేజేతులా చేసుకున్నాడు. కాలు వంకరగా అతుక్కుంది.

కుంటి అర్జునుణ్ణి ఎవరు చూస్తారు? నాటకం నేర్పే వాద్యారు చెంగయ్య మొహమాటం లేని మనిషి. "ఇంక సాలించుకో అప్పా" అనేశాడు. మునిరామయ్య మూడు నెలలు ఎవరితోనూ పలకలేదు. తోటలో మామిడిచెట్ల వరసల మధ్య ఒక్కడే నడిచాడు. నడిచి నడిచి, ఆ చెడిపోయిన కాలితోనే ఒక నడక కట్టుకొచ్చాడు. ఎడమ అడుగు దబ్బున వేస్తాడు. అక్కడ ఆగుతాడు. రెప్ప వేసి తెరిచినంత సేపు, అంతే. ఆ తర్వాత కుడికాలిని గజ్జెలు నేలకు రాసుకునేలా ఈడ్చుకొస్తాడు. చెంగయ్య అది ఇంకోసారి నడిపించుకుని చూశాడు. చూసినాక, "రారాజు నువ్వేరా" అన్నాడు.

ఆ ఊరికి ఒక ఆనవాయితీ ఉంది. పద్దెనిమిదో రోజు పొద్దున, వధకు ముందు, దుర్యోధనుడు మూడు వీధులూ తిరుగుతాడు. నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చే పిల్లల్ని తల్లులు వాకిట్లోకి తెచ్చి అతని ఎదుట నిలబెడతారు. ఆయన ఒక అడుగు వేసి, ఆగి, చూస్తాడు. పిల్ల ఒక్కసారి గజగజ వణికి బావురుమంటుంది. దాంతో దడుపు తెగిపోతుందని వాళ్ళ నమ్మకం. మునిరామయ్య ఆ వేషం కట్టినాక పక్క ఊళ్ళనుంచి కూడా పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్ళు. ఆయన వీధిలోకి వచ్చాడంటే టీ బంకు దగ్గర గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోయేది.

"నాయనా, మద్దెన ఎందుకు ఆగుతావు?" అని కోమలి ఒకసారి అడిగింది.

"ఆగల్ల పాపా. నేను కుంటితనంతో ఆగినానో, కావాలని ఆగినానో జనానికి తెలీకూడదు. ఆ తెలీని దాంట్లోనే ఉండాది బయమంతా."

ఈ మాట మునిరామయ్య ఇంకెవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పకూడదో సరిగ్గా వాళ్ళకే చెప్పాడు పాపం.

కోమలి తిరుపతిలో డిగ్రీ చదివి, కంప్యూటరు బొమ్మల కోర్సు చేసి, జయచంద్ర దగ్గర పనికి చేరింది. తారాజువ్వ యానిమేషన్స్ అని బోర్డు మాత్రం ఘనంగా ఉండేది. లోపల చూస్తే బస్టాండు వెనక ఒక మెస్సు పైన రెండు గదులు, ఆరు కంప్యూటర్లు. మధ్యాహ్నమైతే కిందినుంచి మిరపకాయల పోపు ఘాటు పైకొచ్చి అందరూ ఒకటే తుమ్ములు. పెళ్ళిపిలుపు వీడియోల్లో గోపురాన్ని గిర్రున తిప్పడం, లాడ్జీల ప్రకటనల్లో ఏనుగు చేత దండం పెట్టించడం, పెద్ద స్టూడియోలు పంపించే సినిమాల్లో హీరో నడుముకు కట్టిన తాళ్ళను చెరపడం. సినిమాలో ఒక్క సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలుంటాయి. ఒక్కో బొమ్మను ఫ్రేము అంటారు. ఒక్కో ఫ్రేములోనూ తాడు చెరపాలి. కోమలి రెండేళ్ళు తాళ్ళే చెరిపింది.

జయచంద్ర తెలివైనవాడు, కష్టజీవి, నోరు మాత్రం విషం. ఎవరైనా చేసిన బొమ్మ సరిగ్గా నడవకపోతే తిట్టడు. వాళ్ళను లేపి నిలబెట్టి, ఆ బొమ్మ ఎట్లా నడిచిందో అట్లాగే అందరి ముందరా నడవమంటాడు. స్రవంతి అనే పిల్ల ఒక కోడి నడకను చెడగొట్టిందని, ఆ గదిలో ఈ గోడనుంచి ఆ గోడదాకా మూడుసార్లు నడిపించాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ పిల్ల మరుసటి రోజు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. కోమలి కూడా నవ్విందప్పుడు. నవ్వకపోతే తర్వాతి వంతు తనదవుతుందేమోనని భయం.

ఇట్లా ఉండగా తారాజువ్వకు అదృష్టం తగిలింది. ముంబాయి కంపెనీ ఒకటి పిల్లల కోసం భారతాన్ని బొమ్మల సినిమాగా తీసిపెట్టమంది. పాండవులు కుదిరారు, ద్రౌపది కుదిరింది, కృష్ణుడైతే ముద్దొచ్చాడు. దుర్యోధనుడు మాత్రం కుదరడే! నాలుగుసార్లు చేసి పంపితే నాలుగుసార్లూ తిప్పి కొట్టారు. ఒక శుక్రవారం జయచంద్ర కోమలి కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు.

"సోమవారానికి వీడు నడవకపోతే సినిమా పాయె. అందరం మళ్ళా తాళ్ళు చెరుపుకుంటా కూర్చుందాం. నీకే చెప్తా ఉండా కోమలీ."

కోమలి శనివారం బస్సెక్కి ఊరికి పోయింది. మునిరామయ్య తోటలో కోతుల్ని తరుముతూ ఉన్నాడు.

"నాయనా, నీ నడక ఫోన్లో తీసుకుంటా. సినిమాకి."

"నా నడకా? సినిమాకా?" అని రెండుసార్లు అడిగాడు. ఇంటికి పోయి, మిట్టమధ్యాహ్నం కూర్చుని గడ్డం గీసుకున్నాడు. పెట్టెలోంచి కిరీటం తీసి తుడిచాడు, గజ్జెలు కట్టాడు. భారతం లేని రోజుల్లో కిరీటం తియ్యకూడదని ఆదిలక్ష్మమ్మ గొణిగితే, "నా బిడ్డ అడిగిందే, గమ్మునుండు" అన్నాడు. మామిడిచెట్ల మధ్య నలభైసార్లు నడిచాడు. ముందునుంచి, వెనకనుంచి, పక్కనుంచి. సాయంత్రానికి మోకాలు వంకాయ రంగు తిరిగి వాచిపోయింది. "ఇంకొక్క తూరి నాయనా, ఎండ బాగుండాది" అని ఈమె అంటే కాదనలేదు.

"పాపా, నేను పొయినాక గూడా ఇది నడస్తానే ఉంటాదా?"

"ఉంటాది నాయనా."

ఆయన మొహం చూడాలప్పుడు! కాలు నొప్పి కూడా మరిచిపోయాడు.

కోమలి ఆదివారమంతా కూర్చుని బొమ్మకు ఆ నడక ఎక్కించింది. ఎడమ అడుగు, ఆగడం, ఈడ్పు. ఆగడానికి సరిగ్గా పన్నెండు ఫ్రేములు పట్టింది, అర సెకను. సోమవారం పొద్దున తెరమీద వేస్తే గదిలో అందరూ చేతిలో పని ఆపేశారు. జయచంద్ర కూడా చేతిలో ఉన్న టీ కింద పెట్టేశాడు.

"యాడ పట్టినావు దీన్ని?"

"మా నాయనది సార్. వేషం కడతాడు. కాలు కొంచెం..."

"బాగుండాది. కానీ మనం తీసేది పిల్లల సినిమా గదమ్మా. జడుసుకుని నిక్కర్లు తడుపుకుంటారు. ఆ మధ్యలో ఆగుతాడే, అది పీకెయ్."

"సార్, నడకంతా ఆడే ఉండాది."

"ఓహో." జయచంద్ర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అయితే లెయ్. నువ్వు నడిచి చూపించు. మీ నాయన మాదిరే. ఆగితే బాగుంటాదో, ఆగకుంటే బాగుంటాదో అందరం చూస్తాం."

గదిలో ఉన్నవాళ్ళంతా కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. కోమలి లేవలేదు. వాళ్ళ నాయన మాదిరి వాళ్ళందరి ముందరా కుంటడానికి ఆమెకు సిగ్గేసింది. ఇందులో దాచడానికేం లేదు, సిగ్గే. బడిలో పిల్లోడి చెయ్యి కొరికిన పిల్ల ఇదేనా అనిపిస్తుంది. చెయ్యి ముందుకు చాచి, ఆ పన్నెండు ఫ్రేములనూ గుర్తుపెట్టి, ఒక్క మీట నొక్కి తీసేసింది.

మళ్ళీ వేశారు. రారాజు దబ్బున అడుగేశాడు. ఆగకపోయేసరికి కుడికాలు వెనకనుంచి తరుముకొచ్చినట్టు వచ్చి పడింది, బొజ్జ అదిరింది, కిరీటం ముక్కు మీదికి జారింది. గదంతా ఘొల్లుమంది. నిజం చెప్పాలంటే అందరికంటే ముందు నవ్వింది కోమలే. ఎవరో కాలు పడినప్పుడల్లా స్ప్రింగు ఎగిరినట్టు 'టింగ్' అని చప్పుడు కలిపారు. ముంబాయివాళ్ళు పడీపడీ నవ్వి, ఆ బొమ్మకు టింగురాజు అని పేరు పెట్టమన్నారు.

సినిమా ఆడింది. ఆడటమంటే అట్లా ఇట్లా కాదు. పాండవుల్ని ఎవరూ పట్టించుకోలేదు, పిల్లలకు టింగురాజు కావాలి. తిరుపతి బజార్లో బడిసంచుల మీద టింగురాజు, నీళ్ళ సీసాల మీద టింగురాజు, కీ ఇస్తే కుంటుకుంటూ పోయే ప్లాస్టిక్ టింగురాజు. తారాజువ్వ మెస్సు మీదినుంచి దిగి రేణిగుంట రోడ్డులో మూడంతస్తుల అద్దాల మేడలోకి పోయింది. ఆరు కంప్యూటర్లు పోయి నూట ఇరవై వచ్చాయి. కోమలికి అద్దాల గది ఇచ్చారు, తలుపు మీద పేరు రాశారు.

మొదటి ఆట రోజున తల్లిదండ్రుల్ని పిలవలేదామె. "సీట్లు లేవు నాయనా" అంది. సీట్లు ఉన్నాయి, బోలెడున్నాయి. మునిరామయ్య తర్వాత ఎప్పుడో ఆదిలక్ష్మమ్మను వెంటబెట్టుకుని చిత్తూరికి పోయి చూసుకున్నాడు. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"చూసినాను పాపా." ఆ తర్వాత అడిగాడు. "ఆగలేదే?"

"పిల్లల సినిమా నాయనా."

"సరేలే" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే కోమలికి హాయిగా ఉండేది.

ఆ తర్వాత ఫోన్ చేసేది ఆదిలక్ష్మమ్మే. మునిరామయ్య అంగడి దావన పోవడం మానేశాడంట. పోతే పిల్లకాయలు వెనకాలే వరసకట్టి, కుంటుకుంటూ, "టింగ్, టింగ్" అంటున్నారంట. పెద్దవాళ్ళే వాళ్ళకు నేర్పిస్తున్నారంట. ఈయన పొలం గట్ల మీదుగా చుట్టు తిరిగి తోటకు పోతున్నాడు. మంచి కాలున్నవాడికే ఆ గట్లమీద నడవడం కష్టం.

భారతం దగ్గర పడింది. ఈసారి రారాజును మార్చుదామా అని చెంగయ్య నసిగాడు. మునిరామయ్య ఎన్నడూ ఎవరినీ బతిమాలినవాడు కాదు, ఆ రోజు బతిమాలాడు.

"ఈ ఒక్క తూరి నన్ను కట్టనియ్యి వాద్యారే. జనం నవ్వినారా, కిరీటం ఆడనే తీసి నీ చేతిలో పెట్టేస్తా. మళ్ళా అడగను."

ఆ సంగతి కూతురికి చెప్పి, "నువ్వు రావల్ల పాపా, నువ్వుంటే నాకు దైర్యం" అన్నాడు. కోమలి సెలవడగడానికి పోతే జయచంద్ర మొహం వెలిగిపోయింది.

"పో పో, తప్పకుండా పో! రెండో భాగానికి టింగురాజు కొత్త నడకలు కావాలి. ఒరిజినల్ మనిషే గదా. మొత్తం వీడియో తీసుకురా."

పద్దెనిమిదో రోజు పొద్దున తండ్రికి గజ్జెలు కోమలే కట్టింది. గుడి ముందర మట్టితో చేసిన దుర్యోధనుడు ఆకాశం కేసి చూస్తూ ఇరవై అడుగుల పొడుగున పడుకుని ఉన్నాడు. ఏటా ఉండే జనానికి నాలుగింతలు ఉన్నారు. సత్యవేడునుంచి కూడా వ్యాన్లు కట్టుకుని వచ్చారు. ఆ బొమ్మ నడక ఈయనదేనని విని, టింగురాజు పుట్టిన ఊరు చూద్దామని!

మొదటి వీధి. మునిరామయ్య అడుగేశాడు, ఆగాడు, ఈడ్చాడు. ఏటా మాదిరి జంకి తలుపులు మూసుకోలేదెవరూ. అందరి చేతుల్లోనూ ఫోన్లు. కిసకిసలు వినిపించాయి గానీ ఎవరూ బయటికి నవ్వలేదు. ఆయన మొహాన రంగు కింద చెమటలు. కోమలి ఆయనకు ముందు ఒక పక్కగా ఫోన్ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, దేవుడా ఈ రెండు వీధులు గడిచిపోతే చాలు అనుకుంది. మనసారా అనుకుంది.

రెండో వీధిలో ఒక తల్లి నాలుగేళ్ళ పిల్లను తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. "నిద్దట్లో ఏడస్తాది సామీ, దడుపు" అంది. ఒక్క ప్రాణమైనా నమ్మి వచ్చింది! మునిరామయ్య ఒళ్ళు నిటారైంది. ఎడమ అడుగు దబ్బున వేసి, పిల్ల కళ్ళలోకి చూస్తూ ఆగాడు.

పిల్ల చూసింది. కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. తర్వాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, "టింగురాజా, టింగ్ చెయ్యి!" అంది.

ఆయన ఆగే ఉన్నాడు. ఒక సెకను. రెండు. మూడు. ఎంతసేపు ఆగితే భయం తిరిగొస్తుందో చూద్దామన్నట్టు ఆగాడు. జనంలోంచి ఎవడో, వాడి నోరు పడిపోను, "టింగ్!" అన్నాడు. వీధి వీధంతా భళ్ళుమంది. తెచ్చిన తల్లి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మునిరామయ్య జనాన్ని చూడలేదు. తల తిప్పి కోమలిని చూశాడు. ఆమె ఫోన్ దించలేదు. దించి ఉండాల్సింది, చెయ్యి దాని దారిన అది పట్టుకునే ఉంది.

అప్పుడు చేశాడు. దబ్బున ఎడమ అడుగు, ఆగకుండా కుడికాలు తరుముకుంటూ వచ్చి పడింది, బొజ్జ అదిరింది, కిరీటం ముక్కు మీదికి జారింది. ఈలలు, చప్పట్లు, దుమ్ము. మళ్ళీ చేశాడు. మూడో వీధి పొడుగునా చేశాడు. పిల్లలు వెనకాల బారులు తీరి కుంటుకుంటూ వచ్చారు. మట్టి బొమ్మ దగ్గర భీముడు తొడమీద కొట్టినప్పుడు, ఏటా ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకునే చోట, ఆయన పడిన తీరుకు జనం కడుపులు పట్టుకున్నారు.

అంతా అయ్యాక మునిరామయ్య లేచి, కిరీటం తీసి, రెండు చేతులతో చెంగయ్య ముందర పట్టాడు. మాట ఇచ్చినవాడు కదా.

చెంగయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఏమప్పా ఇది? నా ఇన్నేండ్ల బతుకులో ఇంత జనాన్ని చూడలేదు. పొరుగూరోళ్ళు నిన్నే అడగతా ఉండారు, ఈ టింగు నడకే కావాలంట. నువ్వుండేదాకా నువ్వే రారాజువి. పెట్టుకో." తనే ఆ కిరీటాన్ని మళ్ళీ ఆయన తలమీద పెట్టి, భుజం తట్టి పోయాడు.

మునిరామయ్య మట్టి దుర్యోధనుడి పాదాల దగ్గర కూలబడ్డాడు. కోమలి కూర్చుని గజ్జెలు విప్పుతుంటే నెమ్మదిగా అడిగాడు.

"సరిగ్గా వచ్చిందా పాపా?"

సరిగ్గా వచ్చింది. అదే కోమలికి మింగుడు పడటం లేదు. అరె, ఒక్క ఫ్రేము తేడా లేదే! తను ఎక్కడ కోసిందో అక్కడే కోశాడు. అప్పటికప్పుడు తోచి చేసిన పని కాదది.

"వచ్చింది నాయనా" అంది.

"రాకుండా ఎట్లుంటాది?" అంది ఆదిలక్ష్మమ్మ, నీళ్ళ చెంబు మొగుడికి అందిస్తూ. "నెల దినాలుగా తోటలో ఫోన్లో నీ బొమ్మను ముందర పెట్టుకుని అదే నడక. కాలు వాచిపోతే నేనే నూనె రాసినాను. ఒకయాళ జనం నవ్వినారంటే బొమ్మ మాదిరే నడస్తా, నా బిడ్డ బొమ్మ తప్పని ఎవురూ అనకూడదు గదా అంటాడు."

మునిరామయ్య చెంబెత్తి నీళ్ళు తాగాడు. రంగు కరిగి గడ్డం మీదుగా కారింది. జనం వచ్చి ఆయన పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు, "టింగ్ అనప్పా, టింగ్ అను" అంటున్నారు. ఆయన అంటున్నాడు.

కోమలి ఏడ్చింది. తిరుపతి బస్సులో కిటికీ వైపు తిరిగి, పుత్తూరు దాటేదాకా ఏడ్చింది. దారిలో జయచంద్రకు వీడియో పంపింది. రేణిగుంట వచ్చేలోపే జవాబు వచ్చింది: 'అదిరింది. ఆ చివర్లో పడేది రెండో భాగంలో పెట్టు. నీ కేసి చూసే చూపు మాత్రం తీసెయ్, ఏడుపు మొహం.'

సోమవారం తొమ్మిదిన్నరకు కోమలి తన అద్దాల గదిలో కూర్చుని, ఆ వీడియోను కంప్యూటర్లోకి ఎక్కించింది. తండ్రి తల తిప్పి తనను చూసిన చోట ఆపి, లెక్కపెట్టుకుంది. ముప్పై ఒక్క ఫ్రేములు. అవి గుర్తుపెట్టి, తీసేసి, పని మొదలుపెట్టింది.